పుట్టలో మామ, కొట్టంలో మేము

మా అత్తగారింట్లో రెండే గదులు. ముందు గదిలో పొయ్యి, జొన్నల గుమ్మి, ఉన్ని మూటలు, అత్త మంచం. వెనక గదిలో పుట్ట. కొత్తగా పెళ్లయిన మేమిద్దరం ఎక్కడ పడుకోవాలని అడిగితే గొర్రెల కొట్టం చూపించారు.

నవ్వులాటకు చెప్పడం లేదు. నిజాం సర్కారు చివరి రోజులవి. మోత్కూరు అంగడికి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగేంత దూరంలో ఉంది ఆ పల్లె. గొర్రెలు కాసుకుని, గొంగళ్లు నేసుకుని బతికే ఇల్లు. ఆ గొర్రెలతోపాటే నా కాపురమూ మొదలైంది. కొట్టానికి మూడు వైపులే గోడలు. నాలుగో వైపు రెండు గుంజలు పాతి పైకప్పు ఆనించారు, అంతకుమించి ఏమీ లేదు. వాకిట్లో ఎవరు తిరిగినా మా మంచం కనబడుతుంది. లోపలేమో ఒక ముసలి పొట్టేలు. దానికి నిద్ర పట్టే జబ్బు లేదు. మేం ఏదైనా మాట్లాడుకోబోతే నమలడం ఆపి మరీ వినేది. మా ఆయన సిగ్గుపడి అటు తిరిగి పడుకునేవాడు.

వెనక గదికి మాత్రం టేకు తలుపుంది. ఇనుప గొళ్లెం, అది కూడా లోపలివైపు. పుట్టకి గొళ్లెంతో ఏం పని? నేను నగలడగలేదు, చీరలడగలేదు. లోపలినుంచి గొళ్లెం పెట్టుకోగలిగిన గది ఒక్కటి ఇస్తే చాలనుకున్నాను. రాయడం నాకు చాలా ఆలస్యంగా అబ్బింది గానీ కోపం పుట్టుకతోనే ఉంది. ఆ గది తలుపు ముందునుంచి నడిచినప్పుడల్లా ఒళ్లు మండేది.

పుట్ట మా మామ బతికుండగానే లేచిందట. ఆయన మంచం పక్కన, గోడ మూలన, మోకాలెత్తు లేచి తర్వాత నడుమెత్తు అయింది. ఇంట్లో పుట్ట లేస్తే శుభమని మా వైపు నమ్మకం. దాన్ని తవ్వకూడదు, పసుపూ కుంకుమా పెట్టాలి, పండుగనాడు పాలు పోయాలి. మామ అలాగే చేశాడు. నా పెళ్లికి ముందటి ఎండాకాలంలో ఆ పుట్ట పక్కనే కన్నుమూశాడు. ఆయన పోయాక అత్త ఆయన మంచం తీసేసింది, పుట్టను ఉంచింది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"అత్తా, పుట్ట ఒక మూలకున్నది. ఇంకో మూలకు మేం మంచమేసుకుంటం."

"కొత్త జంట పుట్ట ముందల పండుకుంటరా? లోపల పాముంటే సూడదా?"

"గొర్లు సూస్తలేవా?"

"గొర్లు మనయి," అంది అత్త.

మా ఆయనతో అంటే "అమ్మను అడుగుత" అనేవాడు. తల్లి ఎదురుపడగానే నీళ్లు నమిలేవాడు. మంచివాడే. ఆ మంచితనమే నా ప్రాణానికి వచ్చింది.

వానలు మొదలై కొన్నాళ్లయింది. ఒక పొద్దున అత్త వెనక గది ఊడవడానికి పోయి కేక పెట్టింది. పాము వచ్చిందనుకుని నేను రోకలి తీసుకుని పరుగెత్తాను. పాము లేదు. పుట్ట నడుములోంచి ఐదు నల్లని వేళ్లు బయటికి వచ్చి ఉన్నాయి.

వేళ్లే. ఇంకో మాట లేదు. నిగనిగలాడని మట్టి నలుపు, మనిషి వేలంత పొడవు, కొసలు మొద్దుగా ఉన్నాయి. ఒకటి పొట్టిగా, పక్కకి ఒరిగి బొటనవేలి లాగే ఉంది. కొసల మీద తెల్లటి పొడి అంటి ఉంది. అత్త ఆ తెలుపు వంక చూస్తూ అక్కడే కూలబడింది.

"సూడు పిల్లా, సున్నం."

మామకు తమలపాకు లేనిదే తెల్లారేది కాదట. వేలి కొసకి ఎప్పుడూ సున్నం ఉండేదట, దాన్ని గోడకు తుడిచేవాడట. నిజంగానే ఆ గది గోడ నిండా తెల్లటి వేలిగుర్తులున్నాయి. ఇక అత్తకి వేరే సాక్ష్యం అక్కర్లేదు. "గిది మీ మామ చెయ్యి," అని తేల్చేసింది.

మధ్యాహ్నానికి ఊరంతా మా ఇంట్లో ఉంది. ఏడాదిగా నన్ను అడుగు పెట్టనివ్వని గదిలో ఊళ్లో ఉన్న ప్రతివాడూ కాళ్లు కూడా కడుక్కోకుండా నిలబడ్డాడు. ఒకామె చేయెత్తి దండం పెట్టింది. ఒకామె తన కొడుక్కి ఎప్పుడు పెళ్లవుతుందో చెప్పమని వేళ్లను అడిగింది. మామతో కలిసి గొర్రెలు మేపిన ముసలాయన ఒకడు చుట్ట వెలిగించి రెండు వేళ్ల మధ్య పెట్టాడు. కాసేపటికి చుట్ట ఆరిపోయింది. పీల్చే నోరుంటే కదా అని నేనన్నాను. అత్త నావైపు కొరకొర చూసింది.

"బతికున్నప్పుడు గూడ గట్లనే సగంల ఆర్పి చెవుల పెట్టుకునేటోడు."

అప్పటినుంచి అత్తకి కాలక్షేపం దొరికింది. పొద్దున పని ముగియగానే పుట్ట ముందు గొంగడి పరుచుకుని కూర్చునేది. ఏ గొర్రె ఈనింది, ఏది కుంటుతోంది, ఉన్ని ఏ రేటు పలుకుతోంది, కోడలు ఎంత నోరున్నది, అన్నీ చెప్పేది. నేను కాపురానికి వచ్చాక ఆమె అన్ని మాటలు మాట్లాడగా వినలేదు. కానీ నేను పొయ్యి దగ్గర ఉండగా, నాకు వినబడేట్టు, నా మీద చాడీలు చెప్పేది. అదీ ఒక బూజుకి!

బూజని అప్పటికి నాకు తెలియదనుకోండి. మా మరిది వచ్చాక తెలిసింది.

మరిది పట్నంలో కాలేజీ చదువుతున్నాడు. ఆ ఇంట్లో బడి ముఖం చూసినవాడు అతనొక్కడే. అక్కడ చదువంతా ఉర్దూలో. లెక్కలు ఉర్దూలో, రసాయనాలు ఉర్దూలో, చెట్టూ చేమా ఉర్దూలో. అతని తలలో గొర్రెలన్నీ తెలుగులో, కప్పలన్నీ ఉర్దూలో ఉండేవి. రంజాన్ సెలవులకు ఆలేరులో రైలు దిగి, మోత్కూరు దాకా ఎవరిదో బండి పట్టుకుని, అక్కడినుంచి బురదలో నడిచి వచ్చాడు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిస్తూనే చెప్పేశాను.

"నీ సదువంత గీ పాలి నాకు పనికి రావాలె. నాకు గా వెనక అర్ర ఇప్పియ్యి."

"ఫికర్ జెయ్యకు వదినె," అన్నాడు. చొక్కా జేబులోంచి భూతద్దం తీసి చూపించాడు. నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

ఊరు మళ్లీ పోగైంది. మరిది పుట్ట ముందు బోర్లా పడుకుని చాలాసేపు అద్దంలోంచి చూశాడు. ఒక వేలిని గోటితో గీరాడు. అత్త "మెల్లగరా, నొస్తది," అంది. అతను లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"అమ్మా, గిది నాయిన చెయ్యి గాదు. గిదొక తీరు బూజు. పుట్టల చెదలున్నన్ని రోజులు దీన్ని లేవనియ్యవు. మనం చేన్ల కలుపు తీసినట్టు తీసి పారేస్తయి. అవి జాగా ఇడిచిపెట్టి పోయినంక గిది బయటికొస్తది. అంటే ఇప్పుడు పుట్ట ఖాళీ."

ఖాళీ! ఆ మాట వినగానే గడ్డపార ఎక్కడుందా అని నా కళ్లు వెతికాయి. అతను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ చదువుకున్నవాడిని ఒక ప్రశ్న అడిగితే ఆగడం కష్టం.

"మనం తినే పుట్టగొడుగు లెక్కనా?" అని అడిగింది అత్త.

"కాదమ్మా, రెండు వేరే వేరే జాతులు. గొడుగు జాతికి గింజలు గొడుగు కింద రెక్కలకు బయట అంటుకొని ఉంటయి. గీ జాతికి గట్ల గాదు. లోపట థైలీలుంటయి, థైలీల గింజలుంటయి. థైలీ అంటే..."

ఇక్కడ అతనికి తెలుగు మాట దొరకలేదు. పైకి చూశాడు, గోడవైపు చూశాడు. సంచి అని ఉంటే నా కాపురం ఆ రోజే బాగుపడేది. సంచి మరీ సంతకు పోయే మాటలా అనిపించిందేమో, అంతకంటే గౌరవంగా ఉండాలని "తిత్తి" అన్నాడు.

మా ఊళ్లో తిత్తి అంటే ఏమిటి? కమ్మరి కొలిమికి గాలి కొట్టేది తిత్తి. మనిషి గుండె పక్కన ఊపిరి తీసేది తిత్తి. ఆ మాటకొస్తే మనిషి ఒంటినే తోలుతిత్తి అనేవారు మా ముసలివాళ్లు. గాలితో సంబంధం లేని తిత్తి మా వాళ్లెవరూ చూడలేదు.

"దానికి తిత్తులున్నయా?" అని అత్త చాలా నెమ్మదిగా అడిగింది.

"మస్తున్నయి. గీ బుడిపెలున్నయి సూడు, వీటి లోపట. గీ అద్దంల అవుపడయి. కాలేజిల పెద్ద అద్దం కింద నేను కండ్లార సూసిన."

"అయితే ఊపిరి తీస్తున్నడు," అంది అత్త.

మరిది రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఊపిరితిత్తి కాదమ్మా, గింజల తిత్తి అన్నాడు. గింజలకి తిత్తి ఎందుకు, గంప ఉండాలి గాని అన్నారెవరో. దారి మార్చి, వేళ్లకు బంధువులెవరో చెబితే ఇది మామ కాదని తెలుస్తుందనుకున్నాడు పాపం.

"ఇనుండ్రి. గిదొక పెద్ద ఖాందాన్. కుండల కల్లు పొంగుతది గదా, దాన్ని పొంగించేది గీ ఖాందాన్దే. సజ్జ కంకికి తేనెబంక వడ్తది గదా, గదీ గీ ఖాందానే. పలావుల రాతిపువ్వేస్తరు గదా, దాంట్ల గూడ సగం గీ ఖాందానే."

ఖాందాన్ అంటే వంశం. మా కులపెద్ద అప్పటిదాకా దర్వాజకు ఆనుకుని వింటున్నాడు. ఊళ్లో పెళ్లిళ్లూ చావులూ ఆయన చేతిమీదుగానే జరగాలి కాబట్టి చుట్టరికాల దగ్గర ఆయనకు పట్టింపెక్కువ. ఒక అడుగు లోపలికి వేశాడు.

"కల్లు మీకు పాలోళ్లయితదా, వియ్యపోళ్లయితదా?"

"పెద్దనాయినా, గట్ల గాదు..."

"ఎట్లగాదు? ఒక్క ఖాందాన్ అంటివి. పాలోళ్లే అయితే మీ నాయిన పోయినప్పుడు కల్లుకు గూడ మైల పట్టాలె. మేం మైల రోజుల్లనే తాగితిమి గదరా!"

జనంలో కలవరం పుట్టింది. ఆ రోజుల్లో తాగనివాడు ఎవడూ లేడు. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మామతో గొర్రెలు మేపిన ముసలాయన మాత్రం కల్లుతో చుట్టరికం అనేసరికి ఇంక ఏ అనుమానమూ లేదన్నాడు. బతికున్నన్నాళ్లూ మామ పొద్దుగూకితే ఆ చుట్టపుచూపుకే పోయేవాడట.

"రాతిపువ్వుల సగమేంది?" అని ఇంకొకరు పట్టుకున్నారు.

"సగం గిది, సగం పాచి. రెండు గలిసి రాతిమీద ఒక్క ఒంట్ల కాపురం జేస్తయి," అన్నాడు మరిది నీరసంగా.

రాతిమీద పాచికి కూడా కాపురానికి చోటు దొరికింది, మాకే లేదు అని నేను పైకే అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. అత్త పుట్టనే చూస్తూ ఉంది.

"ఒక్కొక్క తిత్తిల గింజలెన్నుంటయి బిడ్డా?"

"ఎనిమిది."

"ఎనిమిదా? సరిగ్గ ఎనిమిదేనా?"

"గీ ఖాందాన్ల ఎక్కువ మట్టుకు అంతేనమ్మా. ఎనిమిది."

అత్త ఎనిమిది మందిని కన్నది. మిగిలింది మా ఆయన, మరిది. పోయిన ఆరుగురి ఊసు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. మరిదికీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది, భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు. అత్త చేయి చాపి ఒక వేలి కొసను ముట్టుకుంది.

"ఒక్క మాట జెప్పు. గిది బతికున్నదా, సచ్చిందా?"

అబద్ధం ఆడరా, ఒక్క అబద్ధం ఆడరా అని నేను మనసులో మొత్తుకున్నాను.

"బతికే ఉన్నదమ్మా," అన్నాడు మరిది.

మరునాడు మోత్కూరు అంగడి. అత్త ఉన్ని అమ్మడానికని పోయి చేతుల నిండా పచ్చ గాజులు వేసుకుని, ముఖాన రూపాయంత బొట్టు పెట్టుకుని తిరిగొచ్చింది. వాకిట్లో నేను బియ్యం చెరుగుతున్నాను. చేట చేతిలోనే ఉండిపోయింది. ఆమె నా ముందునుంచి గాజులు గలగలమనిపించుకుంటూ నడిచి, వెనక గదిలోకి పోయి, చేతులు పుట్ట ముందు చాపి చూపించింది.

ఊరు అట్టుడికిపోయింది. మొగుడు పోయి దినాలైనామె గాజులు తొడగడమేంటని ఆడవాళ్లు గింజుకున్నారు. ముత్తైదువల్లో కూర్చోబెట్టాలా, కూర్చోబెట్టకూడదా? బొట్టు పెట్టడానికి పిలవాలా, వద్దా? అత్తకి ఇవేవీ పట్టలేదు. మొగుడు బతికున్నదాన్ని మొండిచేతులతో తిరగమంటారా అని ఎదురడిగేది.

అందరికంటే ఎక్కువ బెంగపడినవాడు మా ఊరి పటేలు. ఊళ్లో పుట్టినవాడినీ చచ్చినవాడినీ సర్కారుకు తెలియజేసే పని ఆయనది. చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"గీ మనిషి సచ్చిండని నేనే తాలూకకు పంపిన. ఇప్పుడు మల్ల బతికిండని ఏ మొకం పెట్టుకొని పంపాలె? పోలీసు అమీన్ సాబ్ నన్ను ఇడుస్తడా?"

ఆయన పుట్ట ముందే గొంతుక్కూర్చున్నాడు. వేళ్లను చూస్తూ, బతిమాలుతున్నట్టు, "సచ్చినోనివి సచ్చినట్టుండరాదయ్యా," అన్నాడు. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

చివరికి కులపెద్ద ఒక పరీక్ష పెట్టాడు. గాలికి కూడా నిలవనంత సన్నటి ఉన్నిపోగు తెప్పించాడు. దాన్ని వేళ్ల కొసలకు దగ్గరగా పట్టుకుంటే ఊపిరి ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. అది చూడటానికి జనం గదిలో కిక్కిరిసిపోయారు. నాకు కాలు పెట్టే సందు లేక గడప మీద నిలబడ్డాను. ఉన్నిపోగు ఊగింది. అంతమంది మెడలు సాచి దానిమీదే ఊపిరి వదులుతుంటే ఊగకేం చేస్తుంది? నేను ఆ మాటంటే కులపెద్ద అందరినీ ఊపిరి బిగబట్టమన్నాడు. బిగబట్టారు. కాసేపు ఉన్ని కదల్లేదు. అంతలో పటేలు ఆగలేక భళ్లున ఊపిరి వదిలాడు. ఉన్ని ఎగిరిపోయి ఎవరి తలపాగాలోనో చిక్కుకుంది. అంత గట్టి ఊపిరి మామదేనని ఊళ్లో సగం మంది చెప్పుకున్నారు.

సెలవులు అయిపోయి మరిది వెళుతుంటే ఊరిబయట దాకా సాగనంపాను. అతను తల ఎత్తలేదు. "వదినె, నేనింక తెలుగుల ఏం జెప్ప," అన్నాడు. తర్వాత ఒకటే ఓదార్పు చెప్పాడు. పైకి కనబడే వేళ్లు కాయల్లాంటివేనట. అసలుది పుట్ట లోపల దారాల్లా పాకి ఉంటుందట. కాయలు ముదిరి, గింజలు దులిపి, కొన్నాళ్లకు రాలిపోతాయట. అప్పుడు అత్త తనే ఒప్పుకుంటుందట. ఆ రాలిపోయే రోజు కోసం నేను కాచుకుని కూర్చున్నాను.

అతను చెప్పినట్టే జరిగింది. కొసల మీద సున్నం పోయింది. వేళ్లు బొగ్గులా మారాయి. పుట్టమీద కాటుక చల్లినట్టు నల్లటి దుమ్ము పడింది. అత్త రోజూ ఆ దుమ్మును కొంగుతో తుడిచేది. వానలు వెనకపట్టాక వేళ్లు ఒక్కొక్కటే విరిగి రాలాయి. బొటనవేలు అన్నిటికంటే చివర రాలింది. అత్త మాటలు మళ్లీ తగ్గిపోయాయి. గాజులు మాత్రం తీయలేదు.

కబురు తెలిసి కులపెద్ద నలుగురాడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. పటేలు కూడా వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. మామ చచ్చాడని తను ముందే పంపానని, సర్కారుకు తన మాట ఎప్పుడూ తప్పలేదని అందరికీ చెప్పుకుంటున్నాడు. ముందుగా భోజనాల సంగతి తేల్చారు. మామ ఇప్పుడే పోయాడు కాబట్టి మొదటిసారి పెట్టిన దినాల భోజనం చావు రాకముందే పెట్టినట్టయింది, అది చెల్లదు, మళ్లీ పొట్టేలు కోయాలి అన్నాడు కులపెద్ద. మా ఆయన సరేనని తల ఊపాడు. ఆయన చేతిలో గడ్డపార ఉంది. మామ రెండోసారి కూడా పోయాడు కాబట్టి పుట్ట తవ్వొచ్చని తెల్లారగానే నేనే చెప్పి, వెతికి, ఆయన చేతికి ఇచ్చాను. టేకు తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం ఏ మూలన వేయాలో కూడా చూసి పెట్టుకున్నాను.

ఇక గాజులు పగలగొట్టాలి. ఆడవాళ్లు చెంబుతో నీళ్లూ ఒక రాయీ తెచ్చుకున్నారు. అత్త గోడకానుకుని కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుంది. చిన్నపిల్లలు మిఠాయి దాచుకున్నట్టు దాచుకుంది. ఒకామె "తియ్యక్కా, తప్పదు గదా," అంటూ భుజం పట్టుకుంది. అత్త ఏడవలేదు, అరవలేదు. తల ఎత్తి నావైపు చూసింది.

నాకేం కావాలో ఆమెకు బాగా తెలుసు. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు, ఆ గది నాది. నిజం చెప్పాలంటే ఆమె మీద నా కోపం అప్పటికీ తీరలేదు. ఇన్నాళ్లూ నన్ను పొట్టేలు పక్కన పడుకోబెట్టిన మనిషి. కానీ ఆ చేతులు అలా దాచుకున్న తీరు చూశాక ఊరుకోలేకపోయాను. రాయి పట్టుకున్నామెకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను.

"ఆగుండ్రి. మామ సావలేదు."

"కండ్ల ముందట రాలిపాయె గదా!"

"రాలింది కాయ. కాయ రాలితే చెట్టు సచ్చినట్టా? మనిషి లోపలనే ఉన్నడు, పుట్ట నిండ దారాల తీరు పారుకొని. మరిది సదివే పుస్తకంల ఉన్నది."

"పుస్తకంల ఉన్నదా?" అన్నాడు కులపెద్ద అనుమానంగా.

"ఉన్నది. ఉర్దూల ఉన్నది."

దాంతో అందరూ వెనక్కి తగ్గారు. మా ఊరికి ఉర్దూలో వచ్చేవన్నీ సర్కారు మాటలే. చదవగలిగినవాడు లేడు, కాదన్నవాడూ లేడు. పటేలు తలపాగా సర్దుకున్నాడు. ఉర్దూల ఉంటే మనం జేసేదేమున్నది అన్నాడు. తన చిక్కు కూడా ఆయనే విప్పుకున్నాడు. "సర్కారుకు సచ్చిండు. ఇంటికి బతికిండు. గట్లనే ఉండనియ్యండ్రి."

కులపెద్ద మాత్రం నన్ను వదల్లేదు.

"అయితే పుట్ట తవ్వద్దు."

"తవ్వద్దు."

"మరి మీరిద్దరు?"

"కొట్టంల ఉంటం," అన్నాను. అనగానే ఏడుపొచ్చింది. కోడలికి మామ మీద ఎంత ప్రేమో అని ఆ ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. నేను ఏడ్చింది మామ కోసం కాదు.

అందరూ వెళ్లిపోయారు. అత్త తొడల కిందనుంచి చేతులు తీసి, గాజులు సరిచేసుకుని లేచింది. మా ఆయన్ని పిలిచింది.

"గా గడ్డపార ఇటు తే."

ఆమె పుట్టవైపు పోలేదు. గడ్డపార దర్వాజకూ గోడకూ మధ్య దించి పెళ్లగించడం మొదలుపెట్టింది. మట్టి పెళ్లలు ఊడి పడ్డాయి.

"అత్తా, ఏం జేస్తున్నవ్?"

"మీ మామ యాడికన్న పోతడా? ఆయనకు తలుపెందుకు?" అంది, వెనక్కి తిరగకుండానే.

తల్లీ కొడుకులు కలిసి తలుపును దర్వాజ చట్రంతో సహా ఊడదీశారు. వాకిలి మీదుగా మోసుకొచ్చి, కొట్టానికి గోడలేని వైపు రెండు గుంజల మధ్య నిలబెట్టి కట్టారు. తలుపుకు ఆ పక్కా ఈ పక్కా బండి పట్టేంత ఖాళీ. గొర్రెలు దాన్ని చుట్టుకుని లోపలికి వచ్చేవి, చుట్టుకుని బయటికి పోయేవి. నేను మాత్రం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ, పడుకునే ముందు వెళ్లి గొళ్లెం పెట్టి వచ్చేదాన్ని.